తీర్పరుల పంక్తి

పోటీలో ఓడినవారు ఇంటికి పోయి మొదట అనే మాట ఒకటి ఉన్నది: “ఆ తీర్పు చెప్పినవారికి ఏమి తెలుసు?” గెలిచినవారు ఈ మాట అనరు. వారికి తీర్పరులందరూ బృహస్పతులుగానే కనబడతారు. ఓడినవారి మాటను అసూయ కింద కొట్టివేయడం లోకరీతి. అయితే ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. ఆ నిజం తీర్పరి బుద్ధిలో కాక, అతనిని కూర్చోబెట్టిన చోటులో ఉండవచ్చు. ఆ కూర్చోబెట్టే పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. అది ఏథెన్సు నగరంలో మొదలై, కొంత మేరకు మన వాల్తేరు కొండమీదుగా నడిచిన చరిత్ర.

సంక్రాంతి వచ్చిందంటే ఇచ్ఛాపురం మొదలు భోగాపురం దాకా ముగ్గుల పోటీలు, పద్యపఠనం పోటీలు, పిండివంటల పోటీలు జరుగుతుంటాయి. వంటల పోటీనే తీసుకొందాం. ముప్పదిఆరుగురు గృహిణులు అరిసెలు చేసి తెచ్చారనుకోండి. ఒక్క మనిషి ముప్పదిఆరు అరిసెలు కొరికి చూసి, మొదటిదానికి ఇచ్చిన మనస్సునే చివరిదానికీ ఇవ్వగలడా? ఏడో అరిసె వచ్చేసరికి బెల్లం తప్ప నాలుకకు మరేమీ తెలియదు. అందుచేత తీర్పరులను బల్లలుగా విభజించి, ఒక్కొక్క బల్లకు ఆరేసి పళ్ళాలు పంపుతారు. చిక్కు ఇక్కడనే పుడుతుంది. ఒక బల్ల దగ్గర చెయ్యి ధారాళమైనవారు కూర్చుంటారు. వారి దగ్గర పదికి తొమ్మిది తగ్గదు. పక్క బల్ల దగ్గర ఉద్యోగం చాలించిన లెక్కల మాస్టారు ఉంటారు. ఆయన పదికి ఆరు వేశారంటే ముప్పై ఏళ్ళ సర్వీసులో అదే మహా ఔదార్యం. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ అరిసె రుచి తెలుసును. అయినా మాస్టారి బల్లకు పోయిన పళ్ళెం తెచ్చిన ఇల్లాలు, పొయ్యి వెలిగించక ముందే ఓడిపోయినది.

అరిసెల మాట వచ్చింది గనుక నవ్వి ఊరుకోవచ్చు. కాని పదవ తరగతి జవాబు పత్రాలు దిద్దే శిబిరాలలో కూడా ఇవే బల్లలు, ఇదే తేడా. ఒక జిల్లా పిల్లల పత్రాలను వేరొక జిల్లాకు పంపి దిద్దించడం, విద్యార్థి ఎవరో తెలియకుండా సంకేత సంఖ్యలు వేయడం మనకు పరిచయమైనవే. ఇవి పరిచయస్థుల పక్షపాతాన్ని ఆపుతాయి. పత్రాల కట్ట ఎవరి బల్ల మీదకు చేరినదో ఆ చేతి బిగువును మాత్రం ఇవి ఆపలేవు. అక్కడ ఓడేది అరిసె కాదు, ఒక పిల్లవాని మరుసటి చదువు.

నాటకాల పోటీలవారు ఈ చిక్కును మరొక విధంగా తప్పించుకొన్నారు. 1929లో తెనాలిలో ఆవిర్భవించిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు నాటినుండి మన పరిషత్తులలో వచ్చిన సంప్రదాయం ఏమంటే, ఆ కొద్దిమంది న్యాయనిర్ణేతలే అన్ని నాటకాలూ చూస్తారు. కఠినుడు అందరికీ కఠినుడే. కాబట్టి అన్యాయం లేదు. అయితే ఇందులో వేరొక లోపం దాగి ఉన్నది. మొదటి రాత్రి నాటకానికి తీర్పరి చేయి బిగబట్టి మార్కులు వేస్తాడు; ముందు ఇంకా మంచివి రావచ్చునని అతని ఆశ. చివరి రాత్రికి ఆ బిగువు సడలనూవచ్చు, నిద్రమత్తు కమ్మనూవచ్చు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడినప్పుడు ఈ బాధ లేదు; అక్కడ మార్కులు లేవు, చప్పట్లే ఉన్నాయి.

బల్లలకు మనుషులను పంచడంలో అతి ప్రాచీనమైన సాధనం చీటీ. క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దంలో ఏథెన్సు నగరంలో డయొనీసస్ దేవుని ఉత్సవాలకు నాటకాల పోటీలు జరిగేవి. నగరంలోని పది తెగలకు పది కుండలు. ఒక్కొక్క కుండలో ఆ తెగకు చెందిన అర్హుల పేర్లు వేసి, ముద్రలు వేసి భద్రపరిచేవారు. పోటీనాడు ఒక్కొక్క కుండనుండి ఒక్కొక్క పేరు తీసేవారు. ఆ పదిమంది తీర్పు రాసి ఇచ్చిన తరువాత కూడా అన్నింటినీ లెక్కించేవారు కాదు. మళ్ళీ చీటీ వేసి అయిదు తీర్పులే తీసుకొనేవారు. లంచమివ్వదలచినవాడు పదిమందికీ ఇవ్వాలి, అందులో సగం వృథా! వారి న్యాయస్థానాలలో ఏర్పాటు ఇంకా పకడ్బందీగా ఉండేది. ఏ పౌరుడు ఏ న్యాయస్థానంలో కూర్చోవలెనో ఆనాటి ఉదయం చీటీల యంత్రం చెప్పేది. అతనికి ఒక రంగు కర్ర ఇచ్చేవారు. ఆ రంగు ఏ ద్వారబంధం మీద ఉన్నదో ఆ గదిలోకే అతనికి ప్రవేశం. తనకిష్టమైన గదిలోకి జారుకొందామన్నా చేతిలోని కర్ర పట్టి ఇస్తుంది.

మన పొరుగున తమిళదేశంలోని ఉత్తరమేరూరు శాసనాలు, మొదటి పరాంతక చోళుని కాలంలో 919, 921 సంవత్సరాలనాటివి, గ్రామ సంఘాల సభ్యులను తాటాకు చీటీలు కుండలో వేసి, ఒక చిన్నపిల్లవాని చేత తీయించి ఎంచుకొనే పద్ధతిని సవిస్తరంగా చెబుతున్నవి. లెక్కలు అప్పగించనివారికీ, వారి బంధువులకూ చీటీలో పేరు లేదు. ఈ నియమం నేటి పోటీల నిర్వాహకులు కొందరు చదువుకోదగినది.

ఇదంతా చీటీ గొప్పతనమే. కాని చీటీ చేయగలిగినది ఒకటే: ఎవరూ కావాలని ఎవరినీ ఎక్కడా కూర్చోబెట్టలేదని హామీ ఇవ్వడం. ఇద్దరు ధారాళులు ఒకే బల్ల దగ్గరకు, ఇద్దరు కఠినులు ఒకే బల్ల దగ్గరకు చీటీ ద్వారా కూడా చేరవచ్చు. అప్పుడు పక్షపాతం ఉండదు, అన్యాయం మాత్రం ఉంటుంది.

తీర్పరి ఎవరి మనిషి అన్న ప్రశ్న విజయనగరం వారికి క్రికెట్టు ద్వారా కూడా తెలిసినదే. విజ్జీగా ప్రసిద్ధికెక్కిన విజయనగరం మహారాజకుమారుడు 1936లో భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళినప్పుడు, ఆ టెస్టులకు అంపైర్లు ఇంగ్లండువారే. ఆతిథ్యమిచ్చే దేశమే తీర్పరులను కూడా సమకూర్చడం అప్పటి మర్యాద. టెస్టులలో ఇద్దరు అంపైర్లూ తటస్థ దేశాలవారే కావలెనన్న పద్ధతి 2002లో గాని స్థిరపడలేదు. మా ఆకాశవాణిలో సంగీత విద్వాంసులను పరీక్షించి శ్రేణులు నిర్ణయించే పద్ధతి 1950లలో ఏర్పడినప్పుడు మరొక దారి తొక్కారు. పాడేవారు తీర్పరులకు కనబడరు, పేరు వినబడదు, వినబడేది గొంతు ఒక్కటే. దీనిమీద ఆ రోజుల్లో పెద్ద విద్వాంసులు కొందరు కోపగించుకొన్నారు. ఇంత పేరు గడించిన మేము చాటున కూర్చుని పరీక్ష ఇవ్వాలా అన్నది వారి బాధ. ఆ బాధ మాకు అర్థమవుతుంది. అయినా ఆ పద్ధతి సరియైనదనే మా అభిప్రాయం.

ఇప్పుడు వంటల దగ్గరకే తిరిగి వద్దాం. ఈ బల్లల సమస్య అత్యంత స్పష్టంగా కనబడేది అమెరికాలో. అక్కడ బార్బెక్యూ అనే వంటకు పెద్ద పెద్ద పోటీలు జరుగుతాయి. మన ఏజెన్సీ కొండలలో వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాల్చే విద్యకు అది దూరపు చుట్టం: సెగమీద, పొగలో, గంటల తరబడి మాంసాన్ని మగ్గబెట్టడం. 1980ల నడుమ స్థాపితమైన కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీవారి నియమాలు అక్కడ విస్తారంగా వాడుకలో ఉన్నాయి. బల్లకు ఆరుగురు తీర్పరులు. నాలుగు విడతలు: కోడిమాంసం, పంది పక్కటెముకలు, పందిమాంసం, ఎద్దు రొమ్ముమాంసం. పెట్టెమీద వంటవారి పేరుండదు, అంకె మాత్రమే. ఆ అంకెను కూడా మధ్యలో మార్చివేస్తారు. రెండు మొదలు తొమ్మిది దాకా మార్కులు. ఆరుగురిలో అందరికన్నా తక్కువ వేసినవారి మార్కును లెక్కనుండి తీసివేస్తారు.

ఈ చివరి నియమం చక్కనిది. మన లెక్కల మాస్టారు ఒక్కరే ఉంటే ఆయన బిగువు దీనితో తీరిపోతుంది. అటువంటి మాస్టార్లు ఇద్దరు ఒకే బల్ల దగ్గర చేరితే? ఒకరి మార్కు పోతుంది, రెండవవారి మార్కు నిలిచి వంటవానిని ముంచుతుంది. పైగా అక్కడి అలవాటు ప్రకారం ఉదయం కూర్చున్న బల్ల దగ్గరనే తీర్పరి నాలుగు విడతలూ ముగించి లేస్తాడు; కదిలేవి పళ్ళాలే. పొద్దున్నే కుదిరిన జోడీ సాయంత్రం దాకా విడిపోదు. అంతకన్న పళ్ళాలతో పాటు తీర్పరులనూ కదిలిస్తే ఏమి? విడత విడతకూ బల్లలు మార్చి, ఏ ఇద్దరు తీర్పరులూ రెండుసార్లు కలిసి కూర్చోకుండా చేయగలిగితే, కఠినుడు అందరి పక్కనా ఒక్కొక్కసారే కూర్చుంటాడు. అతని బిగువు ఒక్కరి నెత్తిన పడదు. అంతేకాదు, ప్రతివారి పక్కనా కూర్చున్నాడు గనుక ఇతరులకన్న అతను ఎంత తక్కువ వేస్తాడో లెక్కకట్టడం కూడా సాధ్యమవుతుంది. పక్కవాని కనుబొమ్మలు చూసి మార్కు వేసే బలహీనునికి కూడా ప్రతి విడతా కొత్త కనుబొమ్మలే.

ఇది ఎలా చేయవలెనో ముగ్గు వేయడం తెలిసిన ప్రతి ఇల్లాలికీ ఒక్క నిమిషంలో బోధపడుతుంది. మూడు చుక్కలు మూడు వరుసలు పెట్టండి. తొమ్మిది చుక్కలు, తొమ్మండుగురు తీర్పరులు. పై వరుస 1, 2, 3. నడిమి వరుస 4, 5, 6. కింది వరుస 7, 8, 9. తీపి, కారం, కూర, పచ్చడి అని నాలుగు విడతలు, బల్లలు మూడు. మొదటి విడతకు అడ్డంగా గీతలు గీయండి: 1-2-3 ఒక బల్ల, 4-5-6 ఒకటి, 7-8-9 ఒకటి. రెండవ విడతకు నిలువుగా: 1-4-7, 2-5-8, 3-6-9. మూడవదానికి ఐమూలగా కుడివైపు దిగండి. ముగ్గు అంచు దాటితే మళ్ళీ ఎడమ చివరనుండి అందుకోండి: 1-5-9, 2-6-7, 3-4-8. నాలుగవదానికి ఎడమవైపు దిగండి: 1-6-8, 2-4-9, 3-5-7. ఏ ఇద్దరినైనా తీసుకొని చూడండి. నాలుగు విడతలలో వారు సరిగ్గా ఒక్కసారి కలిసి కూర్చున్నారు, అంతకు ఎక్కువా లేదు తక్కువా లేదు.

ఇంత సులువైనదే అయితే బార్బెక్యూవారి లెక్కకు ఆరు చుక్కలు ఆరు వరుసలు పెడితే సరిపోదా? ముప్పదిఆరుగురు తీర్పరులు, ఆరు బల్లలు, నాలుగు విడతలు. అడ్డంగా ఒక విడత అయినది. నిలువుగా రెండవది అయినది. ఐమూలగా మూడవది కూడా అయినది. నాలుగవది మాత్రం కాదు. ఎవరు, ఎంతకాలం, ఎన్ని గీతలు గీసినా కాదు.

ఈ కాకపోవడం వెనుక గొప్ప కథ ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో సెంట్ పీటర్స్‌బర్గులో ఉండిన ఆయిలర్ అనే గణితజ్ఞుడు ఒక చిక్కుప్రశ్న వేశాడు. ఆరు రెజిమెంట్లు, ఆరు హోదాలు; ఒక్కొక్క రెజిమెంటునుండి ఒక్కొక్క హోదాకు ఒక్కరు చొప్పున ముప్పదిఆరుగురు సైనికాధికారులు. ప్రతి అడ్డువరుసలోనూ ప్రతి నిలువు వరుసలోనూ ఏ రెజిమెంటూ, ఏ హోదా తిరిగి రాకుండా వారిని చదరంగా నిలబెట్టగలరా? 1782లో అచ్చయిన గ్రంథంలో ఆయన ఇది అసాధ్యమని నమ్ముతున్నానన్నాడు, నిరూపించలేదు. 1900 ప్రాంతంలో గాస్టన్ టారీ అనే ఫ్రెంచివాడు, వృత్తిచేత ప్రభుత్వోద్యోగి, ఓపికగా 9,408 చతురస్రాలను తరగతులుగా విడదీసి ఒక్కొక్కటిగా పరీక్షించి అసాధ్యమని తేల్చాడు. అధికారుల వరుసనూ నిలువునూ మొదటి రెండు విడతలనుకోండి; రెజిమెంటు మూడవ విడత, హోదా నాలుగవ విడత. ఆయిలర్ సైనికాధికారుల ప్రశ్నా, ఆరు బల్లల తీర్పరుల ప్రశ్నా ఒక్కటే. బల్లకు ఆరుగురని ఎంచుకొన్నవారు ఎరగకుండానే గణితశాస్త్రంలో ప్రసిద్ధమైన గోడకు తల కొట్టుకొన్నారు!

ఆటలుగా ఉన్న ఈ చతురస్రాలు పనిలోకి దిగినది ఇరవయ్యవ శతాబ్దంలో. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ పొలాన్ని ఇలాగే గళ్ళు చేసి, ఏ విత్తనానికీ మంచి నేల ఒక్కదానికే దక్కకుండా పంచాడు. పొలంలో సారవంతమైన చెక్క, పోటీలో ధారాళమైన బల్ల, రెండూ ఒకటే. 1935లో వెలువడిన ఆయన పుస్తకంలో రుచి చూడడమే ఒక అధ్యాయానికి వస్తువైనది. టీలో పాలు ముందు పోశారో వెనుక పోశారో తాగి చెప్పగలనని ఒక మహిళ అన్నదట. ఎనిమిది కప్పులు, నాలుగు అలా నాలుగు ఇలా కలిపి, చీటీ వరుసలో ఇస్తే, ఊహించి చెప్పి అన్నీ సరిగా విడదీయగల అవకాశం డెబ్బదింట ఒకటి మాత్రమే.

ఫిషర్ 1937–38 శీతకాలంలో కలకత్తా వచ్చాడు. అక్కడ మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో ఆర్. సి. బోస్ అనే యువ గణితజ్ఞుడు ఈ పంపకాల విద్యలో దిగి, 1939లో పెద్ద వ్యాసం ప్రకటించాడు. ఆ సంస్థకే మన వాల్తేరునుండి ఒక పట్టభద్రుడు చేరాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగళిలో పుట్టిన తెలుగువాడు. విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలోనూ, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదివి, 1940లో గణితశాస్త్ర పట్టం పొంది, ఉద్యోగం వెతుక్కొంటూ కలకత్తా పోయాడు. (ఆ రోజులలో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ విశాఖ జిల్లాలోనివే, అవి వేరు జిల్లాలైనది 1950లో ఒకటి, 1979లో ఒకటి.) 1947లో ఆయన ఆర్థోగొనల్ అరేలు అనే పట్టికలను గురించి రాసిన వ్యాసం ప్రపంచమంతటా పరిశ్రమలలో వాడుకకు వచ్చినది, జపాను ఇంజనీరు టగూచి వాటిని కర్మాగారాలకు తీసుకుపోయాడు.

ఆ పట్టిక ఏమిటో పైన ముగ్గులో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. తొమ్మండుగురు తీర్పరులకు తొమ్మిది పంక్తులు, నాలుగు విడతలకు నాలుగు నిలువు గళ్ళు గీసి, ఎవరు ఏ విడతలో ఏ బల్లకో 1, 2, 3 అని రాయండి. ఏ రెండు నిలువు గళ్ళు తీసుకొన్నా అంకెల జతలు తొమ్మిదీ ఒక్కొక్కసారి వస్తాయి. రాధాకృష్ణారావు గారి పట్టికలకు చిన్న ఉదాహరణలలో ఇది ఒకటి. ఆయన 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొంది, ఆ సంవత్సరం ఆగస్టులోనే, నూటరెండేళ్ళు నిండిన తరువాత పరమపదించారు. ఆ శాస్త్రంలో ఆయన చేసినది ఇంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఇక్కడ మా ప్రసక్తికి కావలసినంతే చెప్పాము.

బోస్ అమెరికా వెళ్ళి, తన శిష్యుడు శ్రీఖండేతోనూ, పార్కర్ అనే అమెరికనుతోనూ కలిసి 1959లో ఆయిలర్ ఊహలో మిగిలిన భాగాన్ని తలకిందులు చేశాడు. ఆరుకు అసాధ్యమైనది పదికీ, పద్నాలుగుకూ కూడా అసాధ్యమని ఆయిలర్ అనుకొన్నాడు. కాదని వారు నిరూపించారు. న్యూయార్కు టైమ్స్ పత్రిక ఆ వార్తను మొదటి పుటలో వేసినది. అరుదుగా గాని గణితానికి ఆ గౌరవం దక్కదు. ఆరు మాత్రం ఆరుగానే మిగిలిపోయినది.

ఈ సంక్రాంతికి ఆరేసి తీర్పరుల బల్లలతో నాలుగు రకాల వంటల పోటీ పెట్టదలచిన మహిళా సంఘాలవారు ఆ గోడను చుట్టిపోయే దారి ఒకటి ఉన్నది. మరొక ఆరుగురిని పిలిచి ఏడవ బల్ల వేయండి. ఏడేసి చుక్కలు ఆరు వరుసలు పెడితే నలభైరెండు చుక్కలు. ఏ చుక్క ఎవరిదో చీటీ వేసి నిర్ణయించండి. చీటీకి అక్కడ పని ఉన్నది. పై వరుసలోని ఏడు చుక్కలు ఏడు బల్లల మొదళ్ళు. మొదటి విడతలో ఒక్కొక్కదానినుండి నిట్టనిలువుగా దిగండి. రెండవ విడతలో వరుస దిగినప్పుడల్లా ఒక చుక్క కుడికి జరగండి. మూడవదానిలో రెండు చుక్కలు, నాలుగవదానిలో మూడు. అంచు దాటితే ఎడమ చివరనుండి మళ్ళీ లెక్క. ప్రతి బల్లకూ ఆరుగురే వస్తారు, ఏ ఇద్దరూ రెండవమారు కలవరు. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు కూడా పోటీలో చేర్చవలెనంటే, నాలుగేసి, అయిదేసి, ఆరేసి చుక్కలు జరుగుతూ ఇంకా మూడు విడతలకు చోటు ఉన్నది.